11–20 ఎంఎం అడాప్టర్ రెయిల్: బరంపురం ఉప్పుగాలిలో ఎంతవరకు పనికొస్తుంది

ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ (గురి దుర్భిణి) బిగించడానికి ఆన్‌లైన్‌లో ‘11 ఎంఎం టు 20 ఎంఎం అడాప్టర్’ అని వెతికితే రకరకాల పేర్లతో కనిపించేది దాదాపు ఒకటే వస్తువు. బెత్తెడు కంటే కాస్త పొడుగున్న నల్లటి అల్యూమినియం దిమ్మ. పైన అడ్డంగా గాడులు. కింద ఒక పక్క కదలని దవడ, రెండో పక్క స్క్రూలతో బిగుసుకునే పట్టీ. సంచీలో ఒక అలెన్ కీ పడేస్తారు. ఎంత బిగించాలో చెప్పే కాగితం మాత్రం ఉండదు. ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూ.

దీన్ని కొనేవాళ్లు ఎక్కువగా .177 అంగుళం బోరు ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు. రైఫిల్ పైభాగంలో ఉండేది 11 ఎంఎం డవ్‌టెయిల్, అంటే పక్కల్లో వాలు గాడులున్న సన్నటి పట్టా. ఇప్పుడు దొరికే స్కోప్ రింగులు (స్కోప్ గొట్టాన్ని పట్టే కడియాలు), రెడ్ డాట్‌లు (ఎర్ర చుక్కతో గురి చూపేవి) చాలావరకు 20 ఎంఎం రెయిల్ కోసం చేసినవి. ఈ రెంటికీ మధ్య వంతెన ఇది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు కొరియర్ పెట్టెల్లో తెగ వస్తోంది. ఇచ్ఛాపురం నుంచి వచ్చి బరంపురంలో సామాను కొనుక్కునేవాళ్లూ అడుగుతున్నది ఇదే.

తీర్పు ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. దీని పైభాగానికి పదిలో ఎనిమిది మార్కులు వేయవచ్చు. కింది భాగానికి ఐదు. మీ రైఫిల్ డవ్‌టెయిల్ మీద, అడాప్టర్ జారకుండా ఆపే స్టాప్ పిన్ దిగే చిన్న గుంట ఉంటే కొనండి. స్ప్రింగు రైఫిల్ (లోపలి స్ప్రింగు బలంతో కాల్చేది) అయి, ఆ గుంట లేకపోతే ఈ అడాప్టర్ జోలికి పోకండి. 11 ఎంఎంకే నేరుగా పట్టే ఒకే ముక్క స్కోప్ మౌంటు కొనుక్కోండి. అమ్మకం పేజీలో ఫొటోలన్నీ పైనున్న గాడులవే ఉంటాయి. గురి చెడేది మాత్రం కింది పట్టు దగ్గర.

20 అని రాసి ఉన్నా 20 కాదు

పేరు దగ్గరే తికమక ఉంది. ‘20 ఎంఎం’, ‘21 ఎంఎం’, ‘పికటిన్నీ’, ‘వీవర్’ అని నాలుగు రకాలుగా రాస్తారు. మొదటి మూడూ వాడుకలో ఒకటే. పికటిన్నీ రెయిల్ పై వెడల్పు 21.2 మి.మీ. ఈ కొలతలను అమెరికా సైన్యం 1995 ఫిబ్రవరి 3న మిల్-స్టాండర్డ్ 1913గా ఖాయం చేసింది. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆర్సెనల్ పేరు దానికి అలా అతుక్కుపోయింది. గాడి వెడల్పు 5.23 మి.మీ., లోతు 3 మి.మీ., ఒక గాడి నడుమ నుంచి పక్క గాడి నడుమకు 10.01 మి.మీ. వీవర్ అంతకంటే పాతది. దాని గాడి 4.57 మి.మీ., గాడుల మధ్య దూరానికి స్థిరమైన లెక్క లేదు. కాబట్టి వీవర్ రింగు పికటిన్నీ మీద కూర్చుంటుంది. పికటిన్నీ రింగు అడుగున ఉండే అడ్డబోల్టు వీవర్ గాడిలో దిగదు. సుత్తితో కొట్టి దింపినవాళ్లు ఉన్నారు, ఆ రెయిల్ ఇక దేనికీ పనికిరాదు.

2009లో నాటో తన ప్రమాణం స్టానాగ్ 4694ను తెచ్చింది. ఆకారం దాదాపు అదే. రింగు వాలు అంచుల మీద కాక, రెయిల్ పై చదును మీద ఆనాలన్నది అందులోని అసలు మార్పు. చదును మీద ఆనిన రింగును విప్పి మళ్లీ పెడితే పాత చోటికే తిరిగి వస్తుంది. చవక అడాప్టర్లలో ఆ పై చదునే సరిగ్గా ఉండదు. అందుకని పెట్టె విప్పగానే ఒక స్టీలు స్కేలు అంచును రెయిల్ పొడవునా నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో వెలుతురు గీత కనిపిస్తే దిమ్మ వంగినట్టే. దాని మీద ముందూ వెనకా రెండు రింగులు బిగిస్తే స్కోప్ గొట్టం విల్లులా వంగుతుంది.

గాడుల లెక్కకు మామూలు 150 మి.మీ. వెర్నియర్ చాలు. ఒక్క గాడిని కొలిస్తే పొరపాటు పట్టుబడదు. మొదటి గాడి ముందంచు నుంచి పదకొండో గాడి ముందంచు దాకా కొలవండి, 100.1 మి.మీ. రావాలి. పావు మి.మీ. తేడా వచ్చినా రెండు రింగులుగా పెట్టేవాళ్లకు ఇబ్బంది లేదు. ఒకే ముక్కలో రెండు అడ్డబోల్టులున్న మౌంటు పెట్టేవాళ్లకే అది తగులుతుంది. ఒక బోల్టు గాడి గోడకు ఆనుతుంది, రెండోది గాల్లో ఉంటుంది. ఈ రకం అడాప్టర్లలో గాడులు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి. గాడులు కోసేది యంత్రమే కాబట్టి అక్కడ పెద్దగా తప్పు జరగదు.

కింది దవడ

అసలు పేచీ ఇక్కడే. ‘11 ఎంఎం డవ్‌టెయిల్’ అనేది ఒక కొలత కాదు, ఒక కుటుంబం పేరు అనుకోవాలి. .22 రైఫిళ్ల మీద వచ్చే మూడెనిమిదో వంతు అంగుళం రకం 9.5 మి.మీ. దగ్గర ఉంటుంది. కొన్ని ఎయిర్ రైఫిళ్లవి 11కు పైనా ఉంటాయి. వెడల్పు ఒక్కటే కాదు, పక్క గాడి కోణం కూడా ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. కొన్ని 45 డిగ్రీలు, కొన్ని 60. కోణం కలవని దవడ బిగిస్తే బిగుస్తుంది. చేత్తో ఊపితే కదలదు కూడా. కానీ అది పట్టుకున్నది దారమంత గీత మీద. నాలుగైదు డజన్ల పెల్లెట్లు పేలేసరికి ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగిపోయి పట్టు సడలుతుంది. స్క్రూ మళ్లీ బిగిస్తే మళ్లీ నలుగుతుంది.

దీన్ని కొన్న రోజే పట్టుకునే పరీక్ష ఒకటుంది. డవ్‌టెయిల్ రెండు పక్క గాడులకూ పర్మినెంట్ మార్కరు రంగు పూయండి. ఆరాక అడాప్టర్ పెట్టి, మామూలుగా బిగించి, అర సెంటీమీటరు ముందుకూ వెనక్కూ జరిపే ప్రయత్నం చేసి విప్పండి. రంగు వెడల్పుగా, పొడవునా చెరిగితే దవడ సరిపోయింది. పై అంచున ఒక సన్నటి గీత మాత్రమే చెరిగితే కోణం కలవలేదు. ముందు చివర, వెనక చివర మాత్రమే చెరిగి మధ్యలో రంగు అలాగే ఉంటే దిమ్మో డవ్‌టెయిలో వంగి ఉంది. ఒక పక్క మొత్తం చెరిగి రెండో పక్క అంటీముట్టనట్టుంటే పట్టీ స్క్రూలు వంకరగా దిగుతున్నాయి. రంగు స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది.

దవడ కోణం కలవనప్పుడు లేత్ షాపుకు తీసుకెళ్లి ఆకురాయి పట్టించడం మనవాళ్లకు అలవాటు. అల్యూమినియం మెత్తన, చేతి ఆకురాయికి కోణం నిలవదు, పై నల్లటి ఆనోడైజ్ పొర పోతుంది. ఆ పొర పోయాక ఈ గాలిలో ఏం జరుగుతుందో కిందకు వచ్చాక చెబుతాం. వెయ్యి రూపాయల దిమ్మకు అంత సేవ అక్కర్లేదు, తిప్పి పంపేయడం మేలు.

స్ప్రింగు రైఫిల్ రెండుసార్లు తన్నుతుంది

పేలుడు మందుతో నడిచే తుపాకీ వెనక్కి తన్నుతుంది, అంతటితో అయిపోతుంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ కథ వేరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. ఆ సమయంలో రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ గొట్టం చివర గాలి దిండుకు తగిలి ఆగిపోయినప్పుడు రైఫిల్ ఒక్క కుదుపుతో ముందుకు పోతుంది. ఈ రెండో కుదుపు మొదటిదానికంటే పదునైనది. రైఫిల్ ముందుకు పోయినా పైనున్న స్కోప్ తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. చూసేవాళ్లకు అది కంటివైపు జరిగినట్టు కనిపిస్తుంది. స్ప్రింగు రైఫిళ్ల మీద మౌంట్లు ఎప్పుడూ వెనక్కే పాకడానికి కారణం ఇదే. మంచి రైఫిల్ స్కోపులు కూడా వీటి మీద రెటికిల్ (లోపలి గురి గీతలు) విరిగి చచ్చేది ఈ ఎదురు కుదుపుకే. పెట్టె మీద ‘ఎయిర్ గన్‌కు తగినది’ అని లేని స్కోప్‌ను ఎంత ఖరీదైనదైనా స్ప్రింగు రైఫిల్‌కు పెట్టవద్దు.

దీని నుంచి రెండు పనులు తేలతాయి. ఒకటి, స్టాప్ పిన్ తప్పనిసరి. డవ్‌టెయిల్ పైన వెనకవైపు చిన్న గుంట ఉంటుంది, కొన్నింటికి రెండు మూడు. అడాప్టర్ మధ్యలో నిలువుగా ఉండే స్టాప్ స్క్రూ దానిలోకి దిగాలి. రెండు, అడ్డబోల్టును గాడిలో ఏ గోడకు ఆనించాలన్న సంగతి. పేలుడు మందు తుపాకీల మీద రింగును ముందు గోడకు నెట్టి బిగిస్తారు. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ మీద వెనక గోడకు నెట్టి బిగించాలి. తుపాకుల వీడియో చూసి ఎయిర్ రైఫిల్‌కు బిగించేవాళ్లు ఇక్కడ తలకిందులు చేస్తారు. గాడిలో మిగిలిన సందు మేర మొదటి పది పెల్లెట్లలోనే రింగు వెనక్కి జారుతుంది, గురి పోతుంది, నింద స్కోప్ మీద పడుతుంది.

స్టాప్ స్క్రూతో వచ్చే తప్పు ఇంకొకటి ఉంది, అది అంత సులభంగా కనిపించదు. స్క్రూ గుంట అడుగును తాకాక కూడా తిప్పుతూ పోతే అది జాకీలాగా అడాప్టర్‌ను పైకి లేపుతుంది. దవడలు పట్టు తప్పి అంచుల మీద వేలాడతాయి. అడుగు తగలగానే ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పండి. ఆపైనే పక్క స్క్రూలు బిగించాలి. గుంట లోతు చాలలేదని డ్రిల్లు పెట్టి లోతు చేయించవద్దు. డవ్‌టెయిల్ కింద ఉన్నది కంప్రెషన్ గొట్టం. ఒక్క మి.మీ. అటూ ఇటూ అయితే రైఫిల్ గాలి పోతుంది, దానికి మందు లేదు.

ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధలేవీ లేవు. వాటికి తన్ను దాదాపు లేనట్టే. వాటి మీద అయితే ఈ అడాప్టర్ కింది భాగానికి మేం ఐదు కాదు, ఏడు వేస్తాం.

బిగించే వరుస

రైఫిల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగు ఎక్కి లేదని చూసుకోండి. బ్యారెల్ మడిచి స్ప్రింగు ఎక్కించే బ్రేక్ బ్యారెల్ రకం అయితే బ్యారెల్ మూసి ఉంచి పని చేయండి. తెరిచిన బ్యారెల్ ఎదుట వేలు పెట్టడం ఎంత ప్రమాదమో వేళ్లు నలిగినవాళ్లకు తెలుసు. డవ్‌టెయిల్‌నూ, దవడల లోపలి పక్కనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూనె జిడ్డు లేకుండా తుడవాలి. నూనె మీద బిగించిన దవడ జారుతుంది. స్క్రూలన్నీ చేత్తో దిగేంతవరకు దింపి, స్టాప్ పిన్ కుదిర్చి, అడాప్టర్‌ను వెనక్కి నెట్టి పిన్‌ను గుంట వెనక గోడకు ఆనించండి. తర్వాత మధ్య స్క్రూ నుంచి మొదలుపెట్టి చివర్లకు, పావు చుట్టు చొప్పున, మూడు నాలుగు విడతల్లో బిగించండి. ఒక చివర స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వస్తే పట్టీ వంకరగా కూర్చుంటుంది.

ఎంత బిగింపు? అల్యూమినియం దవడలోకి దిగే ఎం4 స్క్రూకు 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్లు చాలు. రింగు పై టోపీల స్క్రూలకు 1.7 నుంచి 2 లోపే. పికటిన్నీ అడ్డబోల్టుకు రింగు తయారీదారు చెప్పిన అంకె పాటించండి. స్టీలు రింగులకు 7 దాకా పోతారు, అల్యూమినియం రింగులకు అందులో సగం. టార్క్ రెంచి లేకపోతే అలెన్ కీ పొడుగు కాలును స్క్రూలో పెట్టి, పొట్టి కాలును బొటనవేలు, చూపుడువేలితో తిప్పండి. వేళ్లకు నొప్పి పుట్టే దగ్గర ఆపాలి. పొడుగు కాలు పట్టుకుని బలం కొద్దీ తిప్పితే అల్యూమినియంలో మరలు ఊడిపోతాయి. అప్పుడు స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు.

సంచీలో ఇచ్చిన కీని పారేయండి. అది మెత్తటి ఇనుము, రెండోసారికే మూలలు గుండ్రమవుతాయి, స్క్రూ తలను కూడా తనతో పాటు తీసుకుపోతుంది. బరంపురంలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా మంచి అలెన్ కీల సెట్టు దొరుకుతుంది. ఒక జాగ్రత్త. అడాప్టర్ స్క్రూలు మి.మీ. కొలతలో, రింగు స్క్రూలు అంగుళం కొలతలో ఉండటం మామూలు. 2.5 మి.మీ. కీ వదులుగా, 3 మి.మీ. కీ ఎక్కకుండా ఉంటే అది బహుశా అంగుళంలో 7/64, అంటే 2.78 మి.మీ. వదులు కీతో సర్దుకుపోతే తల అరుగుతుంది.

థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వాడేవాళ్లు చిన్న స్క్రూలకు ఊదారంగు తక్కువ బలం రకం, అదీ స్క్రూకు ఒక చుక్క. ఎర్రది వద్దు. తడిగా ఉన్నప్పుడు థ్రెడ్‌లాకర్ నూనెలా పనిచేసి, అంతే బలానికి స్క్రూ ఎక్కువ దిగుతుంది. కనుక పై అంకెల్లో కాస్త తగ్గించి బిగించాలి.

పని అయ్యాక అడాప్టర్ నుంచి డవ్‌టెయిల్ మీదకు అడ్డంగా సన్నటి గోళ్లరంగు గీత గీయండి. రింగు నుంచి అడాప్టర్ మీదకు ఇంకొకటి. 50 పెల్లెట్లకు ఒకసారి, 200కు ఒకసారి చూడండి. గీత విరిగిన చోటే జారుడు. కింద గీత విరిగితే అడాప్టర్, పై గీత విరిగితే రింగు. రెండూ సరిగ్గా ఉండి గురి తిరుగుతుంటే అప్పుడు స్కోప్‌ను అనుమానించవచ్చు. ఒక గీతతో తేలే సంగతికి స్కోపు మార్చేసినవాళ్లు ఎందరో.

ఎత్తు పెరిగిన కొద్దీ

అడాప్టర్ పెడితే స్కోప్ దిమ్మ మందం మేర పైకి పోతుంది. రైఫిల్ బట్టు (భుజానికి ఆనే భాగం) మీద చెంప ఆనే చోటు పాతదే కాబట్టి, కన్ను స్కోప్ నడుమకు రావాలంటే చెంప లేపాలి. గడ్డం ఆనించి కాల్చేవాడికి గురి రోజుకో చోట ఉంటుంది. దీనికి విరుగుడు తక్కువ ఎత్తు రింగులు. 40 మి.మీ. ముందు అద్దం ఉన్న స్కోప్‌కు అడాప్టర్ మీద ఆ తక్కువ ఎత్తు రింగులే సరిపోతాయి. హై రింగులు కలిపి అమ్మే కాంబో తీసుకోకండి.

లెక్క కూడా చూడండి. 20 మీటర్లకు గురి కట్టిన రైఫిల్ మీద స్కోప్ 15 మి.మీ. ఎత్తు పెరిగితే, 10 మీటర్ల దగ్గర పెల్లెట్ మునుపటికంటే 7.5 మి.మీ. కిందకు తగులుతుంది. సోడా మూత మీద కాల్చేవాళ్లకు అది పెద్దది కాదు, కాగితపు టార్గెట్ మీద రెండు మూడు వలయాల తేడా. రైఫిల్ పక్కకు వాలినప్పుడు వచ్చే తప్పు కూడా ఎత్తుతో పాటే పెరుగుతుంది.

10 మీటర్ల పోటీకి తయారయ్యే పిల్లల తల్లిదండ్రులకు వేరుగా చెప్పాలి. అంతర్జాతీయ నిబంధనల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు స్కోప్ లేదు, పీప్ సైటే (చిన్న రంధ్రం గుండా చూసే సైటు). అది నేరుగా 11 ఎంఎం డవ్‌టెయిల్ మీద కూర్చునేలా చేసినదే. మధ్యలో ఈ అడాప్టర్ దూరిస్తే ముందు సైటు పాత ఎత్తులో, వెనక సైటు పైన ఉంటాయి. రెంటి మధ్య దూరం 700 మి.మీ. అనుకుంటే, 8 మి.మీ. ఎత్తు తేడాకు 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 114 మి.మీ. పైకి పోతుంది. పీప్ సైటు మరలో అంత సర్దుబాటు ఉండదు. ఎవరైనా షాపులో ఇది కూడా కావాలని అంటగడితే వద్దనండి.

బ్యారెల్ వాలు ఉన్న రైఫిళ్లకు మాత్రం ఎత్తు కాదు, వంపు కావాలి. బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో బ్యారెల్ రిసీవర్‌తో (రైఫిల్ నడిమి భాగంతో) పోలిస్తే కాస్త కిందకు చూడటం సాధారణం. స్కోప్‌లో గురిని పైకీ కిందకూ జరిపే ఎలివేషన్ మర పైచివర దాకా తిప్పినా పెల్లెట్ కిందే పడుతుంటే అదే రోగం. మర చివరన ఉన్నప్పుడు లోపలి స్ప్రింగు వదులై గురి నిలకడ కూడా పోతుంది. 20 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఎంఓఏ) వాలుతో వచ్చే అడాప్టర్ 20 మీటర్ల దగ్గర పెల్లెట్‌ను 116 మి.మీ. పైకి తెస్తుంది. మందపు చివర వెనక్కి ఉండాలి, తిప్పి పెడితే జబ్బు రెట్టింపు. వాలు చిన్నదైతే అడాప్టర్ మార్చనక్కర్లేదు. వెనక రింగు కింది సగంలో కూల్‌డ్రింకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు పెట్టండి. రింగులు 100 మి.మీ. దూరంలో ఉంటే 0.1 మి.మీ. రేకుకు 20 మీటర్ల దగ్గర 20 మి.మీ. లేస్తుంది. మూడు పొరలు దాటవద్దు, గొట్టం నొక్కుకుపోతుంది.

ఉప్పుగాలి

ఎండకు రెయిల్ వంగి గురి పోయిందనే మాట తరచూ వినిపిస్తుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ 120 మి.మీ. దిమ్మకు 30 డిగ్రీల తేడా వచ్చినా రెంటి మధ్య తేడా 0.04 మి.మీ. తల వెంట్రుకంత. ఎండ మీద నింద వేయడం అన్యాయం.

గోపాలపురం, ఛత్రపురం గాలి మాత్రం నిజమైన శత్రువు. అల్యూమినియం, ఉక్కు తాకి ఉన్నచోట ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీ. అందులో తినబడేది అల్యూమినియం. ఆనోడైజ్ పొర ఉన్నంతకాలం అడ్డం నిలుస్తుంది. దవడ అంచున పొర గీరుకుపోయిన చోట తెల్లటి పొడి మొదలవుతుంది. పొడి లోపలి వైపు చేరి దవడను నెడుతుంది, స్క్రూ బిగువుగా ఉన్నట్టే అనిపిస్తుంది, పట్టు ఉండదు. ఇంకో పక్క స్క్రూలు. చవక అడాప్టర్లలో అవి నల్లరంగు వేసిన మామూలు ఉక్కు, ఒక వానాకాలానికే తలలోని ఆరుమూలల గుంట తుప్పుతో నిండుతుంది. అదే పొడవు, అదే మరల స్టెయిన్‌లెస్ స్క్రూలు మార్చితే స్క్రూ బాగుంటుంది గానీ అల్యూమినియం మీద తినుడు ఇంకా పెరుగుతుంది. మా సలహా, ఉక్కు స్క్రూలే ఉంచి తలల్లో కాస్త గ్రీజు నింపండి.

బిగింపు పూర్తయ్యాక దవడ, డవ్‌టెయిల్ కలిసే బయటి అంచు పొడవునా దూదిపుల్లతో సన్నగా తుపాకీ నూనె పూయండి. తేమ లోపలికి పోకుండా అదే అడ్డు. కొబ్బరినూనె వద్దు, బంకగా మారి దుమ్ము పట్టుకుంటుంది. రైఫిల్‌ను ఫోమ్ బ్యాగులో మూసి పెట్టడం ఈ తీరంలో చేసే పెద్ద తప్పు. ఫోము తేమ పీల్చి పట్టుకుని ఉంటుంది. సిలికా జెల్ సంచీ ఉన్న పెట్టెలో పెట్టండి, లేదా గాలి ఆడేచోట నూనె గుడ్డ చుట్టి పెట్టండి. కోరాపుట్, జయపురం వైపు ఉప్పు లేదు గానీ మంచు తేమ ఉంది. అక్కడ తుప్పు స్క్రూలకే, దవడకు అంత భయం లేదు.

లైసెన్సు తుపాకులకు, ముందు చెక్కకు

.177 అంగుళం బోరు దాటకుండా, 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపు పిట్టలను కొట్టడానికి కాదు, దానికి 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. ఈ అడాప్టర్ రైఫిల్‌ను కోయదు, తొలచదు, ఊరికే పట్టుకుంటుంది. .22 రైఫిల్‌కు కూడా డవ్‌టెయిల్ ఉండి, దవడ దాని కొలతకు సరిపోతే ఇలాగే పెట్టవచ్చు. పైన రెయిల్ లేని ఇషాపూర్ .315 లాంటి రైఫిల్‌కు రిసీవర్ తొలిచి మరలు వేయాలి. అది లైసెన్సున్న గన్‌స్మిత్ పని, లేత్ షాపులో చేయిస్తే 1959 ఆయుధ చట్టం కిందకు వస్తుంది.

కొత్త పీసీపీల ముందుభాగంలో పొడుగునా గాడులు కనిపిస్తే అవి పికటిన్నీ కావు. 2014లో మాగ్‌పుల్ కంపెనీ తెచ్చిన ఎం-లాక్ అనే బిగింపు పద్ధతి. గాడి 32 మి.మీ. పొడవు, 7 వెడల్పు, మధ్య ఎడం 8. తాళంచెవి రంధ్రంలా ఉంటే 2012 నాటి కీమాడ్, దానికి సామాను దొరకడం తగ్గిపోయింది. బైపాడ్ (రెండు కాళ్ల ఊతం) కోసం ఎం-లాక్ మీద పెట్టే పొట్టి పికటిన్నీ ముక్కలు బాగానే ఉంటాయి. లోపలి టీ-నట్టు పూర్తిగా 90 డిగ్రీలు తిరిగిందా లేదా అన్నది గాడి అవతలి నుంచి చూసుకుంటే చాలు. సగమే తిరిగిన నట్టు బిగుసుకున్నట్టే అనిపించి, బైపాడ్ మీద బరువు పడగానే ఊడి వస్తుంది. ప్లాస్టిక్ ముందుభాగంలోకి నేరుగా స్క్రూ దింపే చవక బైపాడ్ రెయిళ్లు మాత్రం కొనవద్దు.

రిటర్న్ గడువు తక్కువ ఉంటుంది కనుక వెర్నియర్ కొలత, స్కేలు వెలుతురు, మార్కరు పరీక్ష ఈ మూడూ పెట్టె వచ్చిన రోజే చేయండి. థ్రెడ్‌లాకర్ చుక్క వేసింది, గోళ్లరంగు గీత గీసింది వెనక్కి తీసుకోరు.